జానెడు దిగిన గీత

నది ఒడ్డు పార్కులో ఎవరో దొంగచాటుగా ఎర్రగీతను కిందికి దించారు.

దిగువ రోడ్డు మొదట్లో ఒక రాతి స్తంభం ఉంది. దాని మీద ఎర్రగీత. వరద నీరు ఆ గీతను తాకిందంటే దిగువ రోడ్డు మూసెయ్యాలి. జనాన్ని పంపించేశాక మేనేజరు ఒక్కడే ఆ రోడ్డంతా నడవాలి. మరుగుదొడ్ల తలుపులు తట్టి, ఉయ్యాలల దగ్గరా పడవల షెడ్డులోనూ ఎవరూ మిగల్లేదని చూసుకుని, అవతలి కొసన ఈల వెయ్యాలి. అక్కడి పల్లంలో అప్పటికే మోకాళ్ల లోతు నీళ్లుంటాయి. ఈల వినబడ్డాకే గేటు తాత తాళం వేస్తాడు. పార్కు పుట్టినప్పటి నుంచీ అదే పద్ధతి.

గీత దిగేసరికి ఈ వానాకాలం రోడ్డు సరిగ్గా తడవకముందే మూతపడుతోంది. ఒక్క నెలలో ఐదుసార్లు! నడకకు వచ్చేవాళ్లు గొడవ చేశారు. పెద్దింజనీరు వచ్చి స్తంభాన్ని ఎగాదిగా చూసి, వేళ్లతో కొలిచి, కాగితం రాసిచ్చాడు.

“గీతను ఎనిమిది వేళ్లు దించారు. శనివారంలోగా దొంగ దొరకాలి. లేకపోతే రంగుల గది తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ల ఉద్యోగం ఊడుతుంది.”

ఆ తాళం కూడా గేటు తాత దగ్గరే ఉంటుంది. తాతకి ఇంకో ఏడాదిలో పింఛను.

పెద్దింజనీరు మేనేజరుకి ఆఫీసులో పైఅధికారి, ఇంట్లో పిల్లనిచ్చిన మామ. రెండుచోట్లా అదే మొహం. పోయిన వానల్లో ఒకసారి ఈల పది నిమిషాలు ఆలస్యమైంది. గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ మామ, నడుందాకా తడిసి వచ్చిన అల్లుణ్ని చూసి అన్నదల్లా ఒకటే మాట: “ఈల ఊదడానికి కూడా బద్ధకమేనటయ్యా?”

మేనేజరు స్తంభం మీది నాచు గీకాడు. మొట్టమొదటి గీత కోసం రాతిలో ఉలితో కొట్టిన గాటు బయటపడింది. అక్కణ్నుంచి ఇప్పటి గీత దాకా కొలిచాడు. పన్నెండు వేళ్లు. సరిగ్గా జానెడు. మళ్లీ కొలిచాడు. పన్నెండే. “టేపు తుప్పు పడుతుంది, వేలు పట్టదు” అంటూ ముప్పై ఏళ్లు వేళ్లతోనే కొలిచిన మామ లెక్క తప్పడం ఇదే మొదలు. పాపం, పెద్దతనం, అనుకున్నాడు.

“ఎవరిదీ పని, తాతా?” అని అడిగాడు గేటు దగ్గరికి వెళ్లి.

“నాదే. రాసుకో బాబూ. రోడ్డు తొందరగా మూస్తే నేను తొందరగా ఇంటికెళ్లొచ్చుగా.”

“ఇంటికెళితే అవ్వ పని చెబుతుందని చీకటి పడేదాకా ఈ స్టూలు వదలవు. నువ్వా తొందరగా వెళ్లేది?”

తాత మీసాల చాటున నవ్వాడు.

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు భోజనానికి ఇంటికి వెళ్లాడు. ఇల్లు ఎగువ రోడ్డు మీదే, ఈల వినబడేంత దూరం. వరద రోజుల్లో ఆ ఈల వినబడ్డాకే అతని భార్య పొయ్యి వెలిగిస్తుంది. బాల్కనీ గ్రిల్లు సగం ఎర్రగా, సగం తుప్పుగా ఉంది. నెల రోజులుగా అలాగే ఉంది.

“రేపటితో తాత ఉద్యోగం ఊడినట్టే,” అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

ఆమె చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

“అదేం న్యాయం? గీత దించింది నేనైతే తాతనెందుకు తీసేస్తారు?”

“నువ్వా!”

“నాలుగు వేళ్లేనండీ. చెయ్యి జారి రంగు డబ్బా కాస్తా నదిలో పడింది. సగం గ్రిల్లు అలా ఎందుకు మిగిలిందే అని ఒక్కరోజైనా అడిగారా?”

“నాలుగు వేళ్లకి ఏం ఒరుగుతుందే?”

“మోకాళ్ల దాకా వచ్చే నీళ్లు పిక్కల దాకా వస్తాయి. నాకది చాలు. ఇప్పుడు పోలీసుల్ని పిలుస్తారా, ముందు అన్నం తింటారా?”

అన్నం తిని ఇద్దరూ గేటు దగ్గరికి వెళ్లారు. సంగతి వినగానే తాత తొడ చరుచుకున్నాడు.

“అమ్మాయీ, నువ్వూనా!”

“నువ్వూనా ఏమిటి తాతా?” అన్నాడు మేనేజరు.

“రాసుకోమని మొన్ననే చెప్పాగా! నాదీ నాలుగు వేళ్లే. నువ్వు ఈల వేసేదాకా తాళం పట్టుకుని నిలబడేది నేను బాబూ. ఆ తాళం ఎంత బరువుంటుందో నీకేం తెలుసు?”

మేనేజరుకి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. నాలుగూ నాలుగూ ఎనిమిది. జానెడుకి ఇంకా నాలుగు వేళ్లు తక్కువ.

శనివారం పొద్దున్నే పెద్దింజనీరు జీపు దిగాడు. స్తంభం పక్కన తాతా, మేనేజరు భార్యా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“దొంగలు దొరికారు సార్. తాత నాలుగు వేళ్లు, మీ అమ్మాయి నాలుగు వేళ్లు.”

పెద్దింజనీరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మీసం కొస అదిరింది. తాను రాసిచ్చిన కాగితం వెనక్కి తీసుకుని, నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

“ఎనిమిది. లెక్క సరిపోయింది. తాత ఉద్యోగం తాతదే. గీత ఉన్నచోటే ఉండనీ, పైవాళ్లకి నేను చెప్పుకుంటాను. నాలుగు రోజులు ఎగువ రోడ్డు మీద నడిస్తే ఎవరి కాళ్లూ అరిగిపోవు.”

“సరిపోలేదు మామయ్యా,” అన్నాడు మేనేజరు. పార్కులో ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి. ఉలిగాటు మీద వేలు పెట్టి చూపించాడు. “ఇక్కణ్నుంచి పన్నెండు వేళ్లు. ఇంకో నాలుగు వేళ్ల దొంగ బయటే తిరుగుతున్నాడు.”

పెద్దింజనీరు గాటు వంక చూడలేదు. నది వంక చూస్తూ, గొడుగును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“ఆ నాలుగూ పోయిన వానల్లో, నువ్వు ఆలస్యంగా ఈల వేసిన మర్నాడు నేను దించినవేనయ్యా, నా గీతను మళ్లీ దించిన దొంగెవరో తేల్చుకుందామనే ఈ ఎంక్వయిరీ వేశాను.”