కొండకు కొలత

"హబీబన్నా, రాతికి ఆనుకోని నిలబడు. నీ పక్కన సూస్తేనే కొండ ఎంతుండాదో జనాలకు తెలిసేది," అంటూ లోకేశ్వరి ఫోటో తీసింది.

ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వానికి తిరుమల రాతిపొరల మీద ఆమె, ఇఫ్ఫత్ కలిసి వ్యాసం రాస్తున్నారు. ఫోటోలో పడతానని ఇఫ్ఫత్ భర్త హబీబ్ పండగ చొక్కా తొడుక్కొచ్చాడు.

"ఫోటో కింద నీ ఎత్తు రాయాలన్నా. ఎంత?"

"ఐదడుగుల ఎనిమిది," అన్నాడు హబీబ్, మడమలు కాస్త లేపి.

ఇఫ్ఫత్ ఫోన్‌లో ఐదడుగుల నాలుగని కొట్టింది.

"ఏందే అది! పెళ్లప్పుడు మీ అబ్బాజాన్‌కు ఎనిమిదనే కదా చెప్పినాం!"

"ఆయన నమ్మినాడు. మీ ప్యాంట్లు మడిచి కుట్టేది నేను."

హబీబ్ మడమలు దించాడు. "అంటే మొదట్నించీ తెలుసా? ఒక్కరోజన్నా అనలేదే?"

"ఇన్నాళ్లూ మిమ్మల్ని పెట్టి కొండను కొలిచినోళ్లు యాడుండారు?"