టాడ్ పొరపాటు

“‘మిల్వాకీ రేసులో టాడ్ పొరపాటు వల్ల కారు గోడకు గుద్దుకుంది.’ ఈ వాక్యం కొట్టెయ్యి, రాయిస్,” అంది వెర్నా.

కుర్ర డ్రైవర్లను పెద్ద రేసులకు తయారుచేసే తమ జట్టు ముప్పయ్యేళ్ల చరిత్రను ఇండియానాపోలిస్ షెడ్డులో కూర్చుని ఇద్దరూ అచ్చుకు దిద్దుతున్నారు. రాయిస్ యజమాని. వెర్నా మొదటి రోజు నుంచీ మెకానిక్. ఆ రేసులో టాడ్‌కు ఎడమ కాలు పోయింది. అప్పటికి పంతొమ్మిదేళ్లవాడు.

“ముందు చక్రం కడ్డీ పగుళ్లిచ్చిందని రేసు రోజు పొద్దున్నే నీకు చెప్పాను. ఈ ఒక్క రేసుకూ తట్టుకుంటుందిలే అన్నావు.”

“అన్నాను. మరి ఇరవయ్యేళ్లుగా నువ్వు వాడికి చెప్పావా?”



అంతలో టాడ్ పెట్టుడు కాలు ఈడ్చుకుంటూ లోపలికొచ్చాడు. “నా ఘనకార్యం కూడా రాశారా?” అని నవ్వాడు.

“నీ తప్పేం లేదు టాడ్. కడ్డీ ముందే పగిలింది. మా ఇద్దరికీ తెలుసు,” అంది వెర్నా.

అతను మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. రాయిస్ కిటికీ వైపు తిరిగాడు.

“కారు నాశనం చేశానని ఏటా వచ్చి క్షమాపణ చెప్పుకున్నాను కదా,” అన్నాడు టాడ్.

రాయిస్ ఏనాడూ బదులివ్వలేదు. ప్రతిసారీ కాఫీ కలిపిచ్చి, “పోనీలే బాబూ, అయిపోయిందిగా” అన్నది వెర్నాయే.