బుగ్గ మీద బుడిపె

"ఏం కాదు. మందూ అక్కర్లేదు, మాకూ అక్కర్లేదు. దానంతటదే పోతుంది."

ఫోన్‌లో పెద్ద డాక్టరుగారు ఆ మాట అనగానే ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు, పిచ్చుక వాళ్ళ నాన్న తప్ప.

పిచ్చుక అని ముద్దుగా పిలుచుకునే ఆ పాపకి ఏడాదిన్నర. ఎడమ బుగ్గ మీద, సరిగ్గా నవ్వితే సొట్ట పడే చోటు పక్కనే, ఆవగింజంత తెల్లటి బుడిపె లేచింది. నొప్పి లేదు, దురద లేదు. అదొకటి ఉందన్న సంగతే పిచ్చుకకి తెలియదు.

"మచ్చ పడదు కదా సార్? సొట్ట పూడిపోదు కదా?"

అవతల ఆయన పడీపడీ నవ్వారు. "నువ్వు అడగడమేంట్రా. ముందు ఫోన్ పెట్టెయ్."

పెట్టేశాడు. మనసు మాత్రం కుదుటపడలేదు. గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, పిండి, కూతురి బుగ్గకి అద్దాడు. పిచ్చుక ఆ గుడ్డ లాక్కుని శ్రద్ధగా నాన్న ముక్కు తుడిచింది.

"కాస్త వెన్న రాసి చూడరా," అంది నాయనమ్మ.

రాశాడు. పిచ్చుక నాలుక బారచాపి, అందినంత మేరా నాకేసి, "ఇంకా" అంది.

లాభం లేదని పిట్టగోడ దగ్గరికెళ్ళి పక్కింటి టైలరమ్మని అడిగాడు. ఆవిడ మిషన్ ఆపి ఎగాదిగా చూసింది.

"మీరు నన్నడుగుతున్నారా? వేళాకోళం కాదు కదా?"

"నిజంగానే పిన్నిగారూ."

"మా పిల్లలకైతే కలబంద గుజ్జు రాసేదాన్ని," అంది భయంభయంగా.

కలబంద వచ్చింది. ముందు తన మోచేతికి రాసుకుని చూసుకున్నాడు. తర్వాత పాపకి రాయబోతే బుగ్గకన్నా జుట్టుకే ఎక్కువ అంటింది. జుట్టు కొమ్ముల్లా లేచి నిలబడింది. నాయనమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది.

సాయంత్రం భూతద్దం తీశాడు.

"కొంచెం తగ్గిందంటావా?"

"అది పొద్దున ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. మీరే సగమయ్యారు," అంది భార్య. "ఇంత బుడిపెకి ఇల్లు పీకి పందిరేశారు. తెలిసినవాళ్ళు చూస్తే నవ్విపోతారండీ."

"తండ్రి బాధ నీకేం తెలుసు?"

"తల్లిని కదా, తెలీదులెండి."

భూతద్దంలో నాన్న కన్ను గుమ్మడికాయంత కనిపించేసరికి పిచ్చుక కిలకిలా నవ్వింది. బుడిపె పక్కన సొట్ట ఎప్పటిలాగే లోతుగా పడింది. అది చూశాక అతని ప్రాణం లేచొచ్చింది.

"సరే, ఇంక ముట్టుకోను. పోయేటప్పుడే పోనీ."

"అమ్మయ్య. రేపైనా పనికి వెళ్తారా, లేక ఇలాగే కాపలా కూర్చుంటారా?"

"వెళ్ళకపోతే ఎలా? ఎవరో తండ్రి, కూతురి బుగ్గ మీద బుడిపె ఏం కాదని పెద్ద డాక్టరుగారు చెప్పినా నమ్మకుండా, తనూ నాలాగే స్కిన్ డాక్టరై ఉండి వీధిలో వాళ్ళని చిట్కాలు అడుగుతున్నాడట, రేపు పొద్దున్నే నా క్లినిక్‌కి పిలిపించి నాలుగు చివాట్లు పెట్టాలి."