మోగని చక్రం

"పద్నాలుగు వేలు. ఆపైన ఒక్క రూపాయి కూడా పెట్టను బాబాయ్," అన్నాడు ఆదిల్.

"పద్దెనిమిదికి తగ్గితే కొట్టు కట్టీసుకుని ఇంటికెళ్ళిపోడమే," అన్నాడు పరదేశి.

చోడవరంలో మాడుగుల రోడ్డు పక్కన పాత కారు చక్రాల కొట్టు పరదేశిది. ముందున్న ఇనప గొట్టానికి చక్రాలు వరసగా వేలాడుతున్నాయి. అందులో నాలుగు మాత్రం కొత్త గిన్నెల్లా తళతళలాడుతున్నాయి. అనకాపల్లి నుంచి టాక్సీ వేసుకొచ్చిన ఆదిల్‌కి మనసంతా ఆ నాలుగింటి మీదే ఉంది. ఆశ బయటపడితే బేరం చెడుతుందని మధ్యమధ్య రోడ్డు వైపు చూస్తున్నాడు. అలాంటి దొంగచూపులు పరదేశి ఎన్ని చూడలేదు కనక.

"షోరూంలో ఇయ్యే నలభై వేలు, తెల్సా?"

"తెల్సు. ఆళ్ళు బిల్లిస్తారు, గ్యారంటీ ఇస్తారు. మీరేటిస్తారు?"

ణంగ్ మని చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. కొట్టు చివర ఒక ముసలామె చేతిలో పెద్ద బోల్టు పట్టుకుని, వేలాడుతున్న చక్రాన్ని కొట్టి, దానికి దగ్గరగా చెవి పెట్టి వింటోంది. పక్కదాన్ని కొట్టింది. మళ్ళీ విన్నది.

"ఏటి కావాలమ్మా?" అన్నాడు పరదేశి.

"సూస్తన్నాను బాబూ. నీ బేరం నువ్వు సూసుకో."

చక్రాన్ని చెవితో చూడడమేమిటో పరదేశికి అర్థం కాలేదు. అడుగుదామనుకున్నాడు గానీ ఎదురుగా ఉన్న బేరం ముఖ్యం. నెల్లాళ్ళుగా కొట్లో చెప్పుకోదగ్గ అమ్మకం లేదు.

"గ్యారంటీ అడిగేవు కదా, ఇను," అన్నాడు గొంతు తగ్గించి. "ఒకేసారి ఎనిమిది వచ్చేయి. నాలుగు ఇయి. మిగతా నాలుగూ మా సొంత కారుకి ఏసీసేను. మా గుంట కీర్తి అరగంట కిందటే ఆ కారేసుకుని పాడేరు బయల్దేరింది, ఫ్రెండు పెళ్ళికి. కన్నకూతుర్నే ఎక్కించేను బాబూ. ఇంతకన్నా గ్యారంటీ ఏ షోరూమోడిస్తాడు?"

ఆ మాట ఆదిల్‌కి తగిలింది. అతనికీ కూతురుంది. భార్య సాలెహానీ, పిల్లనీ కూర్చోబెట్టుకుని అతనూ ఆ పాడేరు కొండదారి, ఆ ఘాటీ ఎక్కాలి.

"పదహారు. ఇంక మాటాడకండి," అంటూ నోట్లు తీశాడు.

పరదేశి చెయ్యి చాచాడు. అప్పుడే ఠప్ మని ఇంకో చప్పుడు వినిపించింది. ముసలామె ఆ మెరిసే నాలుగింటి దగ్గరకు వచ్చేసింది. మొహం చిట్లించి మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఠప్పే.

"ఇది పలకట్లేదు బాబూ."

"పలకడానికి అదేటి వీణా? చక్రమమ్మా."

"మా ఇస్కూలుకి గంట కావాలి. రైలు పట్టా ముక్క ఉండీది, ఎవుడో ఎత్తుకుపోయేడు. అచ్చియ్యమ్మా, బాగా మోగే చక్రం ఒకటి సూసి తెమ్మని హెడ్మాస్టరు పంపించేరు. ముప్పై ఏళ్ళ నుంచి గంట కొడతన్నాను. పగిలింది ఇలాగే మూలుగుతాది."

ఆదిల్ నోట్లు జేబులో పెట్టేశాడు. కారు తాళంతో చక్రం మీద గీకాడు. వెండి రంగు పెచ్చులా లేచింది. దాని కింద వేలెడు పొడుగున వెల్డింగు అతుకు కనిపించింది.

"పగిలిందానికి అతుకేసి, రంగేసి అమ్ముతన్నారా బాబాయ్? ఘాటీలో ఇది ఇడిపోతే నా పిల్ల ఏటవ్వాలి?"

"మా అమ్మ తోడు, నాకు తెల్దు బాబూ," అన్నాడు పరదేశి కంగారుగా. "ఇశాపట్నంలో కొన్నాను. ఎనిమిదీ ఒకే చోట, ఒకే మనిషి దగ్గర. ఇలాగే మెరుస్తా వచ్చేయి."

ఆదిల్ కోపం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. "ఎనిమిదీనా? అయితే మీ అమ్మాయి..."

పరదేశి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ముందు ఫోన్ సెయ్యండి బాబాయ్."

"బండి నడిపినప్పుడు ఎత్తదు. నేనే అలా నేర్పేను."

"కారు నంబరు సెప్పండి."

"గుర్తు రావట్లేదు."

"పోనీ రంగు?"

"తె... తెలుపు."

భయంలో మనిషికి సొంత పేరు కూడా గుర్తుండదని ఆదిల్‌కి తెలుసు. వెంటనే మాడుగులలో ఉన్న సాటి డ్రైవరుకి ఫోన్ చేశాడు. "ఒరే రిజ్వాన్, చోడవరం రోడ్డు మీదకెళ్ళి నిలబడు. ఆడపిల్ల నడిపే తెల్లకారు ఏదొచ్చినా ఆపీ. అడ్డంగా పడుకునైనా ఆపీ."

అచ్చియ్యమ్మ బోల్టు కింద పడేసి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. పరదేశి వీపు నిమిరింది. "ఏటీ అవదు నాయినా. తాగు."

పరదేశి రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. వాళ్ళిద్దరూ చెప్పనివ్వలేదు. ఆదిల్ టాక్సీ స్టార్ట్ చేసి తలుపు తెరిచాడు. "ఎక్కండి బాబాయ్, ఎనకాలే ఎళ్ళి పట్టుకుందాం. డబ్బులూ అయీ తర్వాత సూసుకుందాం."

తనను మోసం చెయ్యబోయిన మనిషి కోసం ఆదిల్ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి చూశాక పరదేశి తలుపు పట్టుకుని ఎక్కలేక, మానలేక అలాగే నిలబడిపోయాడు.

ఇంతలో కొట్టు ముందు ఆటో ఆగింది.

"నాన్నా, అన్నం తెచ్చేను," అంటూ కేరేజీతో దిగింది కీర్తి.

ఆదిల్ ఒక్క ఉదుటున టాక్సీ దిగాడు. "అల్లా కాపాడేడు. మధ్యలోంచే తిరిగొచ్చీసేవా అమ్మా? కారెక్కడ ఆపేవు? దాన్నింక ముట్టుకోకు."

కీర్తి అతన్ని చూసింది. నీళ్ళగ్లాసు పట్టుకున్న ముసలామెను చూసింది. తలెత్తని తండ్రి వైపు తిరిగింది.

"కారేటి నాన్నా? మనం ఎప్పుడు కొన్నాం?"