చేత్తో చుట్టినవి

ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు.

మాసిన ఖాకీ చొక్కా, చేతిలో గుడ్డసంచి. చెప్పులు బయటే వదిలి, ఎర్రదుమ్ము పట్టిన కాళ్లు గోనెపట్టా మీద తుడుచుకుని లోపలికొచ్చాడు.

“చేత్తో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు ఇంకేటైనా ఉన్నాయేటి బాబూ?”

నీలకంఠం తలెత్తలేదు. జగ్దల్‌పూర్ షాపుకు పంపాల్సిన సెట్లు అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు. బయట లారీవాడు హారన్ కొడుతున్నాడు.

“ఊరికూరికే అవెందుకండి మీకు?”

“చిన్న పనుందిలే.”

ఎప్పుడడిగినా అదే జవాబు.

ఇనుప గనుల ఊరు బచేలిలో, స్టేషన్ వెనక రేకుల షెడ్డులో నీలకంఠం పాటల సెట్లు చేస్తాడు. ఒక ఆంప్లిఫయర్, రెండు స్పీకర్లు. గనుల కాంట్రాక్టర్లు, పెద్ద ఆఫీసర్లు తప్ప ఇంకొకరు కొనలేని సరుకు.

మొదట్లో టేకు చెక్క తనే ఎంచి, తనే కోసి పెట్టెలు చేసేవాడు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్లకు రాగితీగ చుట్టేది పనికి కుదిరిన ఆ ఊరి అమ్మాయి, భీమే. సెట్టు పూర్తయిన రోజు ఇద్దరూ పని ఆపేసి, కూర్చుని వినేవారు. చెవికి నచ్చకపోతే విప్పేసి మళ్లీ మొదలు. నెలకు ఒక్కటి తయారైతే గొప్ప.

తర్వాత జగ్దల్‌పూర్ షాపతను వచ్చాడు.

“కూర్చుని వింటూ ఉంటే ధంధా ఎప్పుడు చేస్తావు భాయ్? నాకు మాల్ కావాలి” అన్నాడు.

టేకు పోయి ప్లైవుడ్ వచ్చింది. పైన మాత్రం టేకు రంగు. ట్రాన్స్‌ఫార్మర్లు ఢిల్లీ నుంచి తయారుగా దిగాయి. అప్పటికే చుట్టి ఉంచినవి అరలో మిగిలిపోయాయి. తీగ చుట్టిన భీమే ఇప్పుడు అట్టపెట్టెలకు టేపు అంటిస్తోంది. నీలకంఠం వినడం మానేశాడు. పొద్దున్నే షెడ్డు తాళం తీస్తుంటేనే ఒళ్లు బరువుగా ఉంటోంది.

ఒక్కటే ధైర్యం. ఇంతవరకు ఒక్క సెట్టూ వెనక్కి రాలేదు. తేడా ఎవరికీ తెలియలేదంటే, తేడా లేనట్టే కదా అనుకునేవాడు.

“అరలో ఉన్నాయి కదా దాదా, ఇచ్చెయ్యనా?” అంది భీమే.

“ఆగు.”

బజార్లో నకిలీ సరుకు దిగుతోందని షాపతను ఆ మధ్యే హెచ్చరించాడు. నీలకంఠం లేచి పెద్దాయన ఎదురుగా నిలబడ్డాడు.

“నా పేరు మీద డూప్లికేట్ సెట్లు చేస్తున్నావేటి?”

అంతదాకా ‘మీరు’ అన్న నోరే ‘నువ్వు’ అంది.

పెద్దాయన అతని మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అలసటే ఉంది.

“అలాగనిపించిందేటి నీకు?”

“మరేటి చేస్తున్నావో చెప్పు.”

“చెబితే నీకు కష్టంగా ఉంటాది బాబూ.”

చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

అరలో మిగిలిన ట్రాన్స్‌ఫార్మర్లన్నీ ఆ సాయంత్రమే పాతసామాన్లవాడికి తూచి ఇచ్చేశాడు నీలకంఠం. భీమే, తీగ చుట్టిన తన వేళ్ల వైపు ఒకసారి చూసుకుంది.

వానలు పడ్డాయి. వానలతో పాటే సెట్లు వెనక్కి రావడం మొదలైంది. మొదట కిరందుల్ నుంచి, తర్వాత నగర్‌నార్ నుంచి. చెమ్మకు పెట్టెలు ఉబ్బిపోయాయి. పాట వెనక గుయ్యిమని మోత. షాపతను ఆర్డరు ఆపేశాడు.

అలాంటప్పుడు గీదం నుంచి నాగేశ్వరమ్మ ఫోన్ చేసింది. ఇనుప ఖనిజం లారీలు నడిపించే మనిషి. ఒకసారి వచ్చి సెట్టు చూడమంది. మాట పడడానికి సిద్ధపడే బస్సెక్కాడు నీలకంఠం.

“మీదీ పాడైపోయిందా అమ్మా?”

“పాడు కాలే అన్నా. జర గుయ్యిమంటాంది, గంతే. ఏటా వానలకు ముందు నీ మనిషొచ్చి చూసిపోతుండె. ఆయన పోయినంక ఎవ్వరు రాలే. అందుకే ఫోన్ చేసిన.”

“నా మనిషెవరు?”

“పైడయ్య సార్. ఖాకీ అంగీ ఏసుకొని వస్తుండెగా.”

నీలకంఠం సెట్టు వెనక పలక విప్పాడు.

ప్లైవుడ్ మూలలన్నిటికీ లోపలి నుంచి టేకు బద్దలు బిగించి ఉన్నాయి. ఢిల్లీ సరుకు ఉండాల్సిన చోట భీమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఒక వైరు కాస్త వదులైంది. అంతకు మించి లోపం లేదు. వైరు బిగించి, పాట పెట్టి, చాలా కాలం తర్వాత కూర్చుని విన్నాడు. ఒకప్పుడు తను చేసిన సెట్టులాగే పలికింది.

“ఆయన పోవడమేటమ్మా? ఊరెళ్లిపోయారా?”

“ఏంది అన్నా, తెల్వదా నీకు? వానలు పడకముందే కాలం చేసిండు. కిరందుల్ల. నేను గూడ పోయిన. నువ్వు కానరాలేదేందా అనుకున్న.”

“నా దగ్గర ఆయన ఎప్పుడూ పని చెయ్యలేదమ్మా. ఎవరాయన?”

నాగేశ్వరమ్మ అతన్ని వింతగా చూసింది. కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చుంది.

“కిరందుల్ క్లబ్బుల సినిమాలేసేటోడు. ఆయన చెవి మీద అందరికి నమ్మకం. రిపేరుకు పైసలిస్తే తీసుకోకపోతుండె. నీలకంఠమే పంపిండు, పైసలొద్దన్నడు అంటుండె.”

నీలకంఠం చేతిలోని పలక మెల్లగా నేల మీద పెట్టాడు.

“ఆయనకెందుకమ్మా అంత కష్టం?”

“ఎందుకేంది అన్నా, ఈ గనుల మీద మేమందరం నీ సెట్టు కొన్నది ఆయన మాట మీదనే గద.”