మార్లిస్ తెచ్చిన గిన్నె

"తలుపు తీయకు," అంది లవాన్, కిటికీ తెర సందులోంచి చూస్తూ. "పక్కింటి మార్లిస్ వస్తోంది. చేతిలో గిన్నె కూడా ఉంది."

"కారు బయటే ఉందిగా. ఇంట్లో ఉన్నామని తెలిసిపోతుంది," అన్నాడు డ్వేన్ సోఫాలోంచి లేవకుండానే. హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఆ ఉదయమే ఇంటికొచ్చాడు. "పైగా నాకు ఆకలేస్తోంది."

"ఆ ఇంటి తిండి తింటావా? శుభ్రంగా ఉన్నదే పెట్టమన్నాడు డాక్టర్. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దాని తెల్ల పిల్లి ఎక్కడ పడుకుంటుందో తెలుసా నీకు? పిండి కలిపే గిన్నెలో. నా కళ్ళతో చూశాను."

డ్వేన్ నవ్వబోయి, నొప్పికి పొట్ట పట్టుకున్నాడు. "శుభ్రం గురించి నువ్వే చెప్పాలి మహాతల్లీ. జనవరిలో మార్లిస్ వాళ్ళమ్మ పోయినప్పుడు నువ్వు పంపిన హాట్‌డిష్ సంగతేంటి? మన బస్టర్ మూతి పెట్టిన మాంసమే కదా అందులో వేశావు?"

సోఫా కింద పడుకున్న గోధుమరంగు కుక్క తన పేరు విని తోకాడించింది.

"పైపైన తీసి పారేశానుగా. మిగతాదంతా ఓవెన్లో ఉడికిపోయింది. కొత్త మాంసం కోసం ఆ మంచులో బజారుకెళ్ళమంటావా? అయినా ఏమైంది? సుబ్బరంగా తిన్నారు. కనిపించినప్పుడల్లా ఆవిడ థాంక్స్ చెబుతూనే ఉంది."

బెల్లు మోగింది. లవాన్ ముఖం మీదికి నవ్వు తెచ్చుకుని తలుపు తీసింది.

తీయక ఏం చేస్తుంది? ఈ ఊరి శివార్లలో పొరుగింటివాళ్ళు తెచ్చిన హాట్‌డిష్‌ని కాదనకూడదు. మాంసం, బీన్సు, డబ్బా సూపు కలిపేసి, పైన బంగాళాదుంప బిళ్ళలు పేర్చి ఓవెన్లో పెట్టిన ఆ ముద్దే చావుకీ, పురిటికీ, జ్వరానికీ. వద్దంటే ఎవరూ ఏమీ అనరు. ఆదివారం చర్చిలో మాత్రం మీ గురించి ఎంతో జాలిగా మాట్లాడుకుంటారు. ముఖం మీద తిట్టినా బాగుండును. ఆ జాలి చూస్తే ఒళ్ళంతా కంపరం పుడుతుంది.

"అయ్యో డ్వేన్, లేవకు లేవకు," అంటూ మార్లిస్ తిన్నగా వంటింట్లోకి నడిచి, నీలం గాజు గిన్నె బల్ల మీద పెట్టింది. "లవాన్, మీ గడ్డి గురించి నువ్వేం దిగులుపడకు. మా ఆయన రోజర్ వచ్చి కోసేస్తాడులే."

అంటే గడ్డి పెరిగిపోయిందని, వీధంతా చూస్తోందని. లవాన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎంత మంచిదానివి మార్లిస్," అంది. "దీన్ని ఫ్రిజ్‌లో పెట్టుకుని రాత్రికి తింటాంలే."

"రాత్రికెందుకు? వేడి మీదైతేనే బాగుంటుంది. నేను వడ్డిస్తా, నువ్వు కూర్చో."

"డాక్టర్ గట్టి తిండి వద్దన్నాడు."

"అలా ఏం అనలేదే," అన్నాడు డ్వేన్ సోఫాలోంచి.

లవాన్ మొగుణ్ణి కొరకొరా చూసింది. మార్లిస్ అప్పటికే సొరుగులు లాగి గరిటె, పళ్ళేలు తీసేసింది. ఆవిడ స్వెట్టర్ మోచేతి దగ్గర తెల్లటి పిల్లి బొచ్చు ఉండలా అంటుకుని ఉంది. లవాన్ దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

డ్వేన్ ఆవురావురుమని తినడం మొదలుపెట్టాడు. మార్లిస్ చేతులు కట్టుకుని లవాన్ ఎదురుగా నిలబడింది. ఇక తప్పదు. లవాన్ ఊపిరి బిగబట్టి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు ఎక్కువ. బీన్సు చితికిపోయి జిగటగా ఉన్నాయి. రెండో ముద్దలో నాలుకకి ఏదో తగిలింది.

వెంట్రుక. పొట్టిగా, గోధుమరంగులో ఉంది.

దాన్ని చేతిరుమాల్లోకి తీసి, మొగుడికి మాత్రమే కనబడేలా చూపించింది. చెప్పానా లేదా అన్నట్టు కళ్ళెగరేసింది. ఆ మొద్దు మనిషి పట్టించుకోనే లేదు.

"చాలా బాగుంది మార్లిస్. అచ్చం మా లవాన్ చేసినట్టే ఉంది," అని ఖాళీ పళ్ళెం చాచాడు. "ఇంకాస్త వెయ్యి."

లవాన్‌కి అది చెంపదెబ్బలా తగిలింది. ఇన్నేళ్ళుగా తన చేతి వంట తింటున్నవాడు, పిల్లి దొర్లిన గిన్నెలో కలిపిన ఈ కంపుతో దాన్ని పోలుస్తాడా?

మార్లిస్ రెండోసారి వడ్డించి, "ఇక వెళ్తా మరి," అంది. కదల్లేదు. వాతావరణం గురించి మాట్లాడింది. మళ్ళీ "వెళ్తా మరి," అని గుమ్మం దాకా వెళ్ళి, తలుపు పట్టుకుని నిలబడింది. "ఇంతకీ ఎలా ఉందో నువ్వు చెప్పనేలేదు లవాన్?"

ఈ ఊళ్ళో వంట బాగా లేకపోతే బాగా లేదనరు. వేరే రకంగా ఉందంటారు. ఆడవాళ్ళ మధ్య అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆ మాట విన్నావిడ రాత్రంతా నిద్రపోదు. లవాన్ తనకున్న నవ్వంతా పోగుచేసుకుంది.

"వేరే రకంగా ఉంది మార్లిస్," అంది నెమ్మదిగా, ఒక్కో మాటా వొత్తి. "చాలా వేరే రకంగా ఉంది."

మార్లిస్ ముఖంలో కోపం లేదు. నిజంగానే అర్థం కానట్టు చూసింది.

"అదేంటి లవాన్? అమ్మ పోయినప్పుడు వీధిలో అందరూ వంటలు తెచ్చారు కదా, తినే ఓపిక లేక అన్నీ ఫ్రీజర్లో పెట్టేశాం. డ్వేన్‌కి అలవాటైన రుచి అయితే బాగుంటుందని, నువ్వు పంపిందే వెతికి తీసి, నా గిన్నెలోకి మార్చి వేడి చేశాను."