ఏరియల్‌కు దండ

పది నిమిషాలే.

అంతరిక్ష నౌకలో తిరుగుతున్న వ్యోమగామి, ఈ పామాయిల్ తోటల మీదుగా దాటేంత సేపు బడి పిల్లలతో రేడియోలో మాట్లాడుతుంది. అదంతా తన పరపతేనని హెడ్మాస్టర్ హరిప్రసాద్ ఊరంతా చెప్పుకున్నాడు. నాలుగు ఫ్లెక్సీలు కట్టించాడు. నాలుగింటిలోనూ ఆమె ఫోటో కంటే ఆయన ఫోటోనే పెద్దది.

డాబా మీది ఏరియల్‌కు పసుపు బొట్లు పెట్టించి, తగరపు రేకుల దండ చుట్టించాడు. అది ఎంత మెరిసిందంటే, అటుగా వచ్చిన కోతి ఒకటి అందులో చూసుకుని తల దువ్వుకుని మరీ పోయింది.

గేటు దగ్గర మోపెడ్ ఆగింది. నెరిసిన గడ్డం, నూనె మరకల చొక్కా.

"సార్, ఆ దండ తీయించుండ్రి. రేకు తగిలితే ఏరియల్ పనిచెయ్యదు."

"ఎవరు నువ్వు?"

"మాది వేంసూరు సార్. మిక్సీలు బాగుచేస్త."

"ఇది మిక్సీ కాదు చాచా. ఖమ్మం నుంచి ఇంజనీర్లొచ్చి బిగించిండ్రు."

"వాళ్లు బిగించినంక మీరు దండేసిండ్రు గద."

కెమెరాలతో వచ్చిన టీవీ వాళ్లు నవ్వారు. హరిప్రసాద్‌కు ఒళ్లు మండింది.

"జల్దీ నడువు. కెమెరాల పడుతున్నవ్."

ముసలాయన డాబా వైపు ఒకసారి చూసి, మోపెడ్ తిప్పుకున్నాడు.

పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు తొమ్మిదో తరగతి చాంది మైకు అందుకుంది. నెల రోజులుగా నిద్రలో కూడా వల్లించిన ప్రశ్న.

"అక్కా, ఆడికెళ్లి చూస్తె మా అడవి కనబడ్తదా?"

గరగర.

మళ్లీ అడిగింది. మళ్లీ గరగర.

"ఇంజనీరేడి?"

"టిఫిన్‌కు పోయిండు సార్."

ఏడు నిమిషాలు పోయాయి. ఎనిమిది.

"సార్, ఆ దండ తీద్దామా?" అంది చాంది.

"ఆగమ్మా. కెమెరా నడుస్తున్నది."

చాంది ఆగలేదు. మైకు ఆయన చేతిలో పెట్టి, మెట్లెక్కి దండ తెంపేసింది.

గరగర తెగిపోయింది. ఆకాశం నుంచి ఆడగొంతు తేటగా దిగింది.

"వినబడుతోందా? ఇంక అర నిమిషమే. ఈ సంగతి పేపర్లలో రాలేదు. రెండు నెలల కిందట మా రేడియో మూగబోతే, సన్నగా మిగిలిన మా గొంతును తన ఇంటి రేడియో సెట్టులో పట్టుకుని కింద మావాళ్లకు కబురందించిన పెద్దాయన మీ దగ్గరే ఉంటారట. వేంసూరు రెహమాన్ గారు, మిక్సీలు బాగుచేస్తారు. మీకేం చెయ్యమంటారని అడిగితే, మీ పిల్లలతో పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముందు ఆయనకోసారి మైకు ఇస్తారా?"